వెనక కాళ్లు పడిపోయిన కుక్కకు రెస్టా, ఆపరేషనా?

మా రాగికి అప్పుడు ఐదేళ్లు. పేరుకు తగ్గ రంగున్న డాషండ్. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు. ఒక పొద్దున గిన్నె చప్పుడైనా వంటింట్లోకి రాలేదు. వెళ్లి చూస్తే వీపు విల్లులా వంచి, గోడకు ఆనుకుని వణుకుతూ నిలబడి ఉంది. ఎత్తుకోబోతే కెవ్వుమంది. "కడుపునొప్పే, వాము నీళ్లు పట్టు" అంది అమ్మ. మర్నాడు సాయంత్రానికి వెనక కాళ్లు తాగినవాడిలా అడ్డంగా పడుతున్నాయి.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పగిలి జారడం వల్ల వచ్చిన జబ్బు అది. ఆ తర్వాత పధ్నాలుగు నెలల్లో దానికి రెండు దార్లూ చూశాం. మొదటిసారి రెస్టుతో లేచింది. రెండోసారి ఆపరేషన్ తప్పలేదు. హనుమకొండలో కుక్కల్ని పెంచుకునేవాళ్లు ఇప్పుడు అర్ధరాత్రి కూడా ఫోన్ చేసి "ఎమ్మారై తీయించాలా?" అని అడుగుతుంటారు. అది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు. కుక్క ఇప్పుడు జబ్బులో ఏ మెట్టు మీద ఉంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఎటు జరుగుతోంది, అవసరమైతే మీరు ఆపరేషన్‌కు సిద్ధమా? ఈ మూడూ తేలితే ఏ పరీక్ష చేయించాలో, ఏ వైద్యం ఎంచుకోవాలో దాదాపు తేలిపోతుంది.

జరిగేది ఇదీ

రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ తాటి ముంజె లాంటిది. పైన పొర, లోపల జెల్లీ. డాషండ్, బీగిల్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకినీస్, కాకర్ స్పానియల్ వంటి జాతుల్లో ఈ ముంజె చిన్న వయసులోనే ముదిరి సున్నంలా గట్టిపడుతుంది. ఆ తర్వాత ఏదో ఒక మామూలు కదలికకు పొర చిట్లి, గట్టిపడిన ముద్ద పైనున్న వెన్నుపాముకు తగులుతుంది. దెబ్బ ఒకటి, నొక్కుడు ఒకటి, రెండూ కలిసి కాళ్లను పడేస్తాయి. దీనికి మూలం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు 12వ క్రోమోజోమ్ మీద ఉండే అదనపు కాపీ అని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు 2017లో బయటపెట్టారు. కాబట్టి "మనం సరిగ్గా చూసుకోలేదు" అని ఏడవాల్సిన పని లేదు. ఐదు డాషండ్‌లలో కనీసం ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఇది వస్తుందని లెక్క.

ఎక్కువగా దెబ్బతినేది చివరి పక్కటెముక చుట్టుపక్కల, ఛాతీ పూసలు ముగిసి నడుం పూసలు మొదలయ్యే చోట. మెడలో వస్తే తీరు వేరు. చాలాసార్లు కాళ్లు బాగానే ఆడతాయి కానీ నొప్పి భయంకరంగా ఉంటుంది, తల దించి గిన్నెలో తిండి తినలేదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద కుక్కల్లో ఏడెనిమిదేళ్లు దాటాక డిస్క్ పగలకుండా మెల్లగా ఉబ్బడం మామూలు. ఈ రెండు రకాలనూ 1950ల మొదట్లోనే స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ విడదీశాడు. నేను చెప్పబోయేదంతా ప్రధానంగా మొదటి రకం గురించే. ఉన్నట్టుండి కాళ్లు పడేసేది అదే.

ముందు ఇది డిస్కేనా?

మన ఊళ్లలో ఈ ప్రశ్న అమెరికాలో కన్నా ముఖ్యం. వ్యాక్సిన్లు సరిగ్గా పడని కుక్కకు వెనక కాళ్లు చచ్చుబడితే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఉందేమో చూడాలి. మూతి పక్షవాతం, చొంగ, గొంతు మారడం లాంటివి కూడా ఉంటే, లేదా ఈమధ్య వేరే కుక్క కరిచి ఉంటే, రేబిస్ అనుమానించి నోట్లో చెయ్యి పెట్టకుండా డాక్టరుకు ముందే చెప్పాలి. పిడుదుల జ్వరాలతో నీరసించిన కుక్క కూడా కాళ్లు ఈడుస్తుంది. నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా వెనక భాగం బలహీనపడుతున్న ముసలి జర్మన్ షెపర్డ్‌ది చాలాసార్లు డిస్క్ కాదు, వెన్నుపాము అరిగిపోయే వేరే జబ్బు. పరిగెత్తుతూ ఒక్కసారి కుయ్‌మని ఒక పక్క కాళ్లు పడిపోయి, మరుసటి రోజుకు నొప్పే లేకపోతే, వెన్నుపాముకు రక్తం అందించే నాళంలో డిస్క్ తునక అడ్డుపడి ఉండొచ్చు. దానికి కోత అక్కర్లేదు.

పిల్లుల్లో డిస్క్ జబ్బు అరుదు. పిల్లి రెండు వెనక కాళ్లూ ఉన్నపళంగా పడిపోయి గట్టిగా అరుస్తుంటే పాదాలు పట్టుకుని చూడండి. చల్లగా ఉండి, గోళ్ల మొదళ్లు నీలంగా కనిపిస్తే అది నడుం సమస్య కాదు, గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ. క్షణం ఆగకూడదు.

ఐదు మెట్లు

డాక్టర్లు గ్రేడ్లు అంటారు. ఒకటో మెట్టు నొప్పి మాత్రమే, నడక బాగుంటుంది. రెండోది తూలుతూ అయినా నడుస్తుంది. మూడోది కాళ్లు కదిలిస్తుంది కానీ తనంతట తాను లేచి నడవలేదు. నాలుగోది వెనక కాళ్లు అసలు కదపలేదు, అయితే గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తుంది. ఐదోది ఆ నొప్పి కూడా తెలియదు.

ఒకటికీ రెండుకీ తేడా ఇంట్లోనే పట్టొచ్చు. పొట్ట కింద చెయ్యి ఆసరా ఇచ్చి, వెనక పాదాన్ని మడిచి దాని పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. బాగున్న కుక్క వెంటనే పాదం తిప్పుకుంటుంది. రాగి మడిచిన పాదం మీదే నిలబడి నా వంక చూస్తూ ఉండిపోయింది.

నాలుగుకూ ఐదుకూ మధ్య గీత మాత్రం డాక్టరే గీయాలి, అది కూడా అనుభవం ఉన్న డాక్టరు. రెండోసారి స్టీలు టేబుల్ మీద రాగిని పడుకోబెట్టి, వెనక కాలి వేలి ఎముకను ఆర్టరీ ఫోర్సెప్స్ అనే పట్టకారుతో నొక్కారు. కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "అమ్మయ్య, తెలుస్తోంది" అన్నాన్నేను. డాక్టరు గారు తల అడ్డంగా ఊపి, "కాలు లాక్కోవడం లెక్కలోకి రాదండీ. అది నడుం కింద ఉన్న తీగ చేసే పని. మొహం చూడండి" అన్నారు. మళ్లీ నొక్కారు, ఇంకాస్త గట్టిగా. ఈసారి రాగి మెడ తిప్పి ఫోర్సెప్స్ వైపు పళ్లు చూపించింది. ఆ పళ్లు చూసి ఆయన నవ్వారు. నొప్పి మెదడు దాకా వెళ్తోందన్నమాట. నాలుగో మెట్టు. "కాలు లాక్కుంటోంది కదా, పర్లేదు" అనుకుని రెండు రోజులు ఇంట్లో పెట్టుకున్న వాళ్లను తర్వాత చాలామందిని చూశాను.

రెస్టూ ఆపరేషనూ, అంకెలతో

అమెరికా పశువైద్య నిపుణుల కాలేజీ ఏసీవీఐఎం 2022లో నడుం డిస్క్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేశారు. నడవగలిగిన కుక్కల్లో రెస్టు, మందులతో సుమారు 80 శాతం బాగుపడతాయి. నడవలేకపోయినా కాళ్లు కదిలించే కుక్కల్లోనూ దాదాపు అంతే. కాళ్లు పూర్తిగా పడిపోయి నొప్పి తెలిసేవాటిలో అది 60కి పడిపోతుంది. నొప్పి కూడా తెలియకపోతే 20 దగ్గర ఆగుతుంది. ఆపరేషన్‌తో అయితే నొప్పి తెలిసే మెట్లన్నిటిలో 90 శాతం పైనే, నొప్పి తెలియని మెట్టులో 60 శాతం దగ్గర.

ఈ అంకెలు చూసి మూడో మెట్టు కుక్కకు కూడా "80 ఉందిగా, రెస్టు చాల్లే" అనిపించవచ్చు. నా మట్టుకు నేను అలా అనుకోను. రెస్టుతో లేచే కుక్కకు ఎక్కువ రోజులు పడుతుంది, కొంత తూలుడు మిగిలిపోవచ్చు, మళ్లీ వచ్చే అవకాశం మూడింట ఒకటి నుంచి సగం దాకా ఉంటుంది. రాగి ఆ సగంలో ఉంది.

కాబట్టి ఒకటి, రెండు మెట్లకు నా ఓటు రెస్టుకే, మొదటిసారి అయితే. నొప్పి మందులకు లొంగకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా, మెట్టు దిగుతున్నా ఆపరేషన్ గురించి మాట్లాడాలి. మూడులో డబ్బూ సర్జనూ అందుబాటులో ఉంటే ఆపరేషన్. లేకపోతే రెస్టు మొదలుపెట్టి రోజూ గమనించడం తప్పు కాదు. నాలుగులో ఆపరేషనే. ఐదులో అయితే గంటలు లెక్క. నొప్పి తెలియడం మానేసి ఒకటి రెండు రోజులు దాటకముందే టేబుల్ ఎక్కించాలని సర్జన్లు తొందరపెడతారు. ఆలస్యమైతే ఆశే లేదని కాదు, కానీ ఆలస్యం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఐదో మెట్టులో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని దాచకుండా చెప్పే డాక్టరును నమ్మండి. నొప్పి తెలియని కుక్కల్లో పదింట ఒకదానికి పైగా వెన్నుపాము తనంతట తాను కరిగిపోతూ పైకి పాకుతుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో ఇంకా ఎక్కువ. పొట్ట మెత్తగా సాగిపోవడం, జ్వరం, ముందు కాళ్లూ బలహీనపడటం, చివరికి ఊపిరి. మొదటి వారం పది రోజుల్లోనే బయటపడుతుంది, మందు లేదు. అప్పుడు దాన్ని నొప్పి లేకుండా నిద్రపుచ్చడమే దయ.

ఎక్స్‌రే, మైలోగ్రామ్, సీటీ, ఎమ్మారై

ఎక్స్‌రే చవక, ప్రతి ఊళ్లో దొరుకుతుంది. పూస విరిగిందా, ఎముక క్యాన్సరా, పూసల మధ్య ఇన్‌ఫెక్షనా అని చూడటానికి మంచిది. డిస్క్ ఎక్కడ పగిలిందో మాత్రం అది సగం కేసుల్లోనే సరిగ్గా చెప్పగలదు. వెన్నుపాము అందులో కనిపించదు. సున్నం పట్టిన డిస్క్‌లు నాలుగైదు కనిపిస్తాయి, పగిలింది అందులో ఏదో తెలియదు. "ఎక్స్‌రే నార్మల్, కాబట్టి డిస్క్ కాదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మైలోగ్రామ్ అంటే మత్తిచ్చి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం. సీటీ, ఎమ్మారై లేని చోట ఇప్పటికీ పనికొస్తుంది. లేచాక కొన్ని కుక్కలకు ఫిట్స్ వస్తాయి, అదొక్కటే తలనొప్పి.

సీటీకి నిమిషాలు చాలు. డాషండ్ వంటి జాతుల్లో జారిన ముద్దకు సున్నం ఉంటుంది కాబట్టి తెల్లగా తేలిపోతుంది. ఎమ్మారైకి మత్తు ఎక్కువసేపు ఇవ్వాలి, డబ్బూ ఎక్కువే, కానీ వెన్నుపాము వాపు, రక్తస్రావం, కంతులు అన్నీ చూపించేది అదే. పెద్ద కుక్కలు, పిల్లులు, మొదటి నుంచీ డిస్క్ లక్షణాలతో పొసగని కేసులైతే ఎమ్మారైకే వెళ్లాలి. మూడు నుంచి ఎనిమిదేళ్ల డాషండ్ ఉన్నట్టుండి కాళ్లు పడేస్తే సీటీ చాలాసార్లు సరిపోతుంది. రాగికి సీటీనే తీశారు. చివరి పక్కటెముక వెనకే తెల్లటి మచ్చ, నాలాంటి వాడికీ కనబడేంత స్పష్టంగా ఉంది.

ఈ రెండు స్కాన్‌లూ ప్రధానంగా సర్జన్‌కు దారి చూపే పటాలు, ఎడమ వైపు తెరవాలా, కుడి వైపా, ఏ పూస దగ్గర అని. ఆపరేషన్ చేయించే ఉద్దేశం గానీ స్తోమత గానీ లేకపోతే, ఒకటి రెండు మెట్ల కుక్కకు ఎమ్మారై తీయించి ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ఫిల్మ్ కవర్లో ఉంటుంది, వైద్యం అదే రెస్టు. ఆ డబ్బుతో మంచి బోను, నెల రోజుల మందులు వస్తాయి.

స్టెరాయిడ్ మీద నా కోపం

మొదటిసారి ఒక క్లినిక్‌లో రాగికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి, ఇంటికి మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాసిచ్చారు. నాకూ తెలియదు, వేశాను. మూడో రోజు విరేచనం తారులా నల్లగా, జిగటగా వచ్చింది. పొట్టలో రక్తం. కాళ్ల సంగతి పక్కనపెట్టి నాలుగు రోజులు సెలైన్లతో సరిపోయింది. స్టెరాయిడూ, మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటి నొప్పి మందులూ ఎప్పుడూ కలిపి వేయకూడదు. ఒకటి ఆపి ఇంకొకటి మొదలుపెట్టాలన్నా మధ్యలో కొన్ని రోజులు ఎడం ఉండాలి. రెండో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ముందు ఏ ఇంజెక్షన్ పడిందో చీటీ చూపించండి. చీటీ ఇవ్వకపోతే సీసా ఫొటో తీసుకోండి.

అసలు రెండిట్లో ఏది? ఉన్నట్టుండి వచ్చిన నడుం డిస్క్‌కు స్టెరాయిడ్‌ను మామూలుగా వాడొద్దనే 2022 మార్గదర్శకాలు చెప్తున్నాయి. కోలుకోవడంలో లాభం కనబడలేదు, పొట్టకూ మూత్రానికీ నష్టం కనబడింది. నొప్పి మందుతో పాటు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ ఇవ్వడం ఇప్పుడు ఎక్కువ మంది చేసే పని. బి12 ఇంజెక్షన్లు హాని చేయవు, కానీ అవి వేయించుకుంటూ వారం గడిపితే ఆ వారం తిరిగి రాదు. మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్కకు పొరపాటున కూడా వద్దు. పిల్లికి పారాసిటమాల్ ఒక్క బిళ్లే ప్రాణం తీస్తుంది.

రెస్టు అంటే బోనే

"ఇంట్లోనే ఉంచుతున్నామండీ, బయటికి తీసుకెళ్లట్లేదు" అంటారు. అది రెస్టు కాదు. లేచి నిలబడటానికి, ఒకసారి తిరగడానికి, కాళ్లు చాపి పడుకోవడానికి సరిపడే బోను, అందులో కనీసం నాలుగు వారాలు. బయటికి తీయడం ఒంటికి, రెంటికి మాత్రమే, అదీ మెడపట్టీ కాకుండా ఛాతీ పట్టీతో, వెనక భాగాన్ని పాత కాటన్ చున్నీతో పొట్ట కింద నుంచి ఎత్తి పట్టుకుని. అసలు పరీక్ష రెండో వారంలో వస్తుంది. నొప్పి తగ్గి కుక్క హుషారవుతుంది, మీ మనసు కరుగుతుంది. చిట్లిన పొర అప్పటికి మానదు. మేం మొదటిసారి పద్దెనిమిదో రోజున బోను తలుపు తీసేశాం. తర్వాత మళ్లీ రావడానికి అదే కారణమని చెప్పలేను. కాదనీ చెప్పలేను.

మే నెలలో బోనుకు కూలర్ గాలి తగిలేలా చూడాలి, కరెంటు పోతే తడి గుడ్డ. మార్బుల్, గ్రానైట్, టైల్స్ నేల మీద కాళ్లు జారడమే సగం శత్రువు, రబ్బరు మ్యాట్లు లేకపోతే గోనె పట్టాలు పరవండి. ఆపరేషన్ చేయిస్తే ఇదంతా తప్పుతుందనుకోకండి. అప్పుడూ కనీసం నాలుగు వారాలు ఇదే బోను.

ఎవరూ ముందుగా చెప్పనిది మూత్రం గురించి. మూడో మెట్టు దాటిన కుక్కల్లో చాలావాటికి మూత్రం తనంతట తాను రాదు. లోపల మూత్రపు సంచి నిండి పొంగి చుక్కలు కారుతుంటే "పోస్తోంది కదా" అనుకుంటాం. కాదు, అది నిండిన బిందె అంచు మీది నుంచి కారడం. రోజుకు మూడు నాలుగుసార్లు పొట్టను రెండు వైపుల నుంచి అరచేతులతో పట్టి, వెనక వైపుకు నిదానంగా ఒత్తాలి. నిమ్మకాయంత మిగిలే దాకా. బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చుని మొదటి రోజు నేను ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాను, చుక్క రాలేదు. మా అమ్మ వచ్చి, గేదె పొదుగు పట్టినంత తేలిగ్గా పట్టి, నిమిషంలో పని కానిచ్చేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చే ముందు ఈ పని మీ చేత్తో చేయించి చూపించమని డాక్టరును అడగండి. నేర్చుకోకుండా రాకండి.

మిగతావి

ఫిజియోథెరపీ, నీళ్లలో నడిపించడం నొప్పి తగ్గాక మంచివే. కాళ్లు మడిచి చాపించే చిన్న కసరత్తులు ఇంట్లోనే చేయొచ్చు. లేజర్, ఆక్యుపంక్చర్ డబ్బు మిగిలితే చేయించండి, ఆపరేషన్ బదులు మాత్రం కాదు. నొప్పి మానని మొదటి వారాల్లో నడుం మీద మర్దన వద్దు. ఐదో మెట్టులో ఉండిపోయిన కుక్క కూడా చక్రాల బండితో ఏళ్ల తరబడి బతుకుతుంది. మూత్రం ఒత్తడానికి, పుండ్లు పడకుండా చూడటానికి ఇంట్లో ఒక మనిషి ఉన్నారా అనేదే అక్కడ తేల్చే విషయం. లేరని ఒప్పుకోవడంలో సిగ్గు లేదు.

ఆపరేషన్ ఎక్కడ? మన పశువైద్య కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి, హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం. పెద్ద ఊళ్లలో ప్రైవేటు సర్జన్లూ ఉన్నారు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఇవి అడగండి: వెన్నుపూస ఆపరేషన్ చేసే సర్జన్ ఇవాళ ఉన్నారా, అలాంటివి నెలకు ఎన్ని చేస్తారు, స్కాన్ అక్కడేనా లేక వేరే చోటికి మోయాలా, పక్కనున్న ముదిరిన డిస్క్‌లలో జెల్లీ కూడా అదే కోతలో తీసేస్తారా. ఆ చివరి పని చేస్తే మళ్లీ వచ్చే ప్రమాదం తగ్గుతుంది. స్కాన్, ఆపరేషన్, బెడ్ చార్జీలు కలిపి ఎంతో అప్పుడే చెప్పించుకోండి, విడివిడిగా కాదు.

ప్రయాణంలో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, గతుకు గతుక్కీ నడుం మెలిపడుతుంది. గట్టి పలక మీద పడుకోబెట్టి, భుజాల దగ్గర, తుంటి దగ్గర చున్నీతో కట్టాలి. ఆ రాత్రి మాకు పలక దొరక్క పిల్లల క్యారమ్ బోర్డు తీశాం. చుట్టూ అంచు ఉంది కాబట్టి హైదరాబాద్ దాకా రాగి జారలేదు. దాని మీద పౌడరు మాత్రం ఎవరూ తుడవలేదు, ఆపరేషన్ థియేటర్‌లోకి తెల్లటి కుక్క వెళ్లింది. బోర్డు ఇప్పటికీ కారు డిక్కీలోనే ఉంది.